కంప్యూటరునకు మెమరీ నెన్నుకొను విధము

కంప్యూటరు పనిచేయునప్పుడు తనకు వెంటనే కావలసిన సంగతులను నిలిపియుంచుకొను చోటునకు మెమరీ, లేక ర్యామ్ అని పేరు. డిస్కు ధాన్యపు గాదె వంటిది. మెమరీ వంటయింటి చేట వంటిది. చేట చిన్నదైనచో మాటిమాటికి గాదెకు పోవలసివచ్చును. పాత కంప్యూటరు మందగించుటకు తరచుగా నిదియే కారణము. కావున మిర్చి యమ్మిన సొమ్ముతో బిడ్డకు కంప్యూటరు కొనిపెట్టిన తండ్రి, మరల క్రొత్తదానికై వ్యయపడకమునుపు, ఉన్నదానికి మెమరీ చాలుచున్నదా యని చూడవలెను. అయితే సరిపడనిదానిని కొన్నయెడల భద్రాచలమునుండి ఖమ్మమునకు 100 కిలోమీటర్లకు మించిన ప్రయాణము రెండవమారు తప్పదు.

మొదట చూడవలసినది మదర్‌బోర్డు. డి.డి.ఆర్.3 పలకకు 240 పిన్నులు. డి.డి.ఆర్.4, డి.డి.ఆర్.5 పలకలకు 288 చొప్పున నున్నను, వాని గాట్లు వేర్వేరు చోట్ల నుండును. ఒకదాని స్థానమున మరియొకటి పట్టదు. బలిమిని నొక్కినచో బోర్డు చెడును. ల్యాప్‌టాపు పలకలు పొట్టివి. కొన్ని ల్యాప్‌టాపులలో మెమరీ బోర్డునకే యతికింపబడియుండును గనుక మార్చుటకు వీలులేదు. 2021లో వెలువడిన ఇంటెల్ 12వ తరపు ప్రాసెసర్లు డి.డి.ఆర్.4, 5 రెంటిని గ్రహించును గాని, బోర్డు సాధారణముగా నొకదానినే గ్రహించును. కాబట్టి దుకాణములో ప్రాసెసరు పేరు మాత్రమే చెప్పిన చాలదు. బోర్డు పేరును చెప్పవలెను.

ఇక వేగమును, ఆలస్యమును విచారింతము. 1965లో వంతెన తెరువబడుటకు పూర్వము భద్రాచలము పోవువారు గోదావరిని పడవపై దాటెడివారు. పడవ యెందరిని మోయుననునది యొక లెక్క. రేవున నెంతసేపు కాచుకొనవలెననునది వేరొక లెక్క. మెమరీయు నట్టిదే. 3200 అనగా సెకనునకు 320 కోట్ల మార్లు సంగతుల నందించునని యర్థము. సి.ఎల్. అను అంకె, అడిగిన సంగతి వచ్చుటకు గడియారపు టిక్కులెన్ని గడవవలెనో తెలుపును. ఆ యంకెను 2000తో గుణించి వేగముతో భాగించిన నానోసెకనులు వచ్చును.

3200, సి.ఎల్. 16 అయినచో 10 నానోసెకనులు.
6000, సి.ఎల్. 36 అయినచో 12 నానోసెకనులు.
6000, సి.ఎల్. 30 అయినచో 10 నానోసెకనులు.

కనుక సి.ఎల్. అంకె పెద్దదని మాత్రమే భయపడరాదు; చిన్నదని మాత్రమే మురియరాదు. రెండంకెలను కలిపి చూడవలెను.

వేర్వేరు వేగముల పలకలను జతచేసినచో రెండును తక్కువదాని వేగముననే నడచును. బోర్డునకు రెండు మార్గములున్నయెడల ఒక పెద్ద పలకకంటె సమానమైన రెండు పలకలు మేలు. పెట్టెపై వ్రాసిన హెచ్చు వేగము దానంతటదియే రాదు, బయోసులో ఎక్స్.ఎం.పి. గాని ఎక్స్‌పో గాని యేర్పరుపవలెను. బోర్డును ప్రాసెసరును భరింపలేని వేగమునకు సొమ్ము వెచ్చించుట వ్యర్థము.

విద్యార్థులారా! విండోసులోని టాస్క్ మేనేజరునందు మెమరీ పుటను తెరచినచో వేగమును, నిండిన స్థానముల సంఖ్యయును కనబడును. వానిని, బోర్డు పేరును కాగితముపై వ్రాసి తండ్రి చేతికిండు. ఆ చిన్న కాగితము ఒక దినపు కూలిని, రానుపోను బస్సు ఛార్జీని మిగుల్చును.