పారేసే మాయలో పనికొచ్చే ఇంజినీరింగ్!

మా నెల్లికుదురు దిక్కు బర్రె ఈనగానే అందరూ అడిగే మాట ఒక్కటే: "మాయ పడ్డదా?" పడేదాకా ఇంటోళ్లకు నిద్ర పట్టదు. పడ్డాక పాతిపెట్టి చేతులు కడుక్కుంటరు. మనిషి కాన్పులోనూ అంతే. బిడ్డను చూసుకుని మురిసిపోతాం, మాయను పారేస్తాం. ఆ పారేసేదాన్నే ఇప్పుడు శాస్త్రవేత్తలు లెక్కలేసి మరీ చదువుతున్నారు. ఎందుకో తెలుసా?

అరకిలోలో ఓ గది!

నిండు నెలలకు మనిషి మాయ బరువు సుమారు అరకిలో, వెడల్పు అన్నం పళ్లెమంత. లోపలి కొమ్మలూ రెమ్మలూ విప్పి పరిస్తే మాత్రం 10 చదరపు మీటర్ల పైనే. అంటే ఓ చిన్న గది! తల్లి రక్తం నిమిషానికి దాదాపు అర లీటరు వచ్చి ఆ రెమ్మలను తడుపుతుంది. బిడ్డ రక్తం రెమ్మల లోపల తిరుగుతుంది. నడుమ ఉన్న పొర మందం మిల్లీమీటరులో వెయ్యింట మూడు నాలుగు వంతులే. రెండు రక్తాలు కలవవు. అయినా ఆక్సిజన్, పోషకాలు బిడ్డకు చేరతాయి, వ్యర్థాలు తల్లి వైపు వెళ్తాయి.

బర్రె మాయలో ఈ అడ్డుపొరలు ఎక్కువ. తల్లి యాంటీబాడీలు దాటలేవు. అందుకే దూడకు పుట్టిన కొద్ది గంటల్లోనే జున్నుపాలు తాగించాలి. కోతులకు, మనుషులకు అవి కడుపులోనే అందుతాయి.

మెషిన్‌కు పాఠం

డయాలసిస్ ఫిల్టర్‌దీ మార్పిడి పనే. వేల సన్నని గొట్టాల్లో రక్తం, బయట ద్రవం. కానీ గొట్టాలన్నీ తిన్నగా, ఒకే తీరుగా ఉంటాయి. మాయ అలా కాదు, కొమ్మలేస్తూ, బిడ్డ అవసరం పెరిగేకొద్దీ తనూ పెరుగుతూ పొరను పలచబరుచుకుంటుంది.

ఆ గజిబిజి నాళాల గుట్టును 2019లో మాంచెస్టర్ యూనివర్సిటీ బృందం లెక్కగట్టింది. రక్తం పారే వేగానికీ, పొర దాటే వేగానికీ పొత్తు కుదరడమే అందులో కీలకం. ఒక్కదాన్నే పెంచితే లాభం లేదు.

2017లో ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి పరిశోధకులు నెలలు నిండని గొర్రెపిల్లలను ద్రవం నింపిన సంచిలో నాలుగు వారాల దాకా బతికించారు. పంపు లేదు. మాయలో లాగే పిల్ల గుండే రక్తాన్ని ఆక్సిజన్ యంత్రంలోకి తోసింది.

వారానికి మూడుసార్లు బస్సెక్కి, నాలుగేసి గంటలు డయాలసిస్ మంచం మీద గడిపేటోళ్లు మన ఊళ్లల్ల ఎందరో. మాయ కిటుకుతో ఫిల్టర్ చిన్నదై, ఇంట్లోనే పనిచేసే రోజొస్తే వాళ్లకు మిగిలేది బస్సు చార్జీ ఒక్కటే కాదు, వారంలో మూడు రోజుల బతుకు.