మీకు తెలుసా? తెల్ల పొగ గుట్టు వాసనలోనే!

నూజివీడు తోటల నుంచి రసాలు, బంగినపల్లి కాయలతో వచ్చే పికప్ బళ్లు హనుమాన్ జంక్షన్ దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కుతాయి. సీజన్‌లో బండి ఆగితే కాయ మగ్గిపోతుంది.

ఆ బళ్లకుండే డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్‌లో నొక్కుకుపోయిన గాలి 500 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కి, ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. ఇంజెక్టర్ కారినా, కంప్రెషన్ తగ్గినా డీజిల్ కాలకుండానే ఆవిరై సైలెన్సర్‌లోంచి తెల్ల పొగగా వస్తుంది. బండి జర్కులిస్తుంది.

ఆ పొగది కళ్లు మండించే పచ్చి డీజిల్ వాసనైతే ముందు ఇంజెక్టర్లు చూపించాలి. తియ్యటి వాసన వస్తూ కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు. అలాంటి బండిని లోడుతో నడపనే కూడదు.

డీజిల్‌లో నీళ్లు కలిసినా తెల్ల పొగ, జర్కుల తంతే. ఫిల్టర్ అడుగున డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, కారింది గాజు సీసాలో పట్టి కాసేపు ఉంచితే నీళ్లు అడుగున విడిగా కనిపిస్తాయి.