కరెంటు కారు ఇంటికొస్తే: బిల్లు, ఎర్తింగ్, వరద నీళ్లు చూసుకోవాల్సిందే

విజయవాడ రోడ్ల మీద ఆకుపచ్చ నంబరు ప్లేట్ల కార్లు బాగానే కనిపిస్తున్నాయి. భవానీపురం, వించిపేట, పంజా సెంటర్ వైపు మనవాళ్ల ఇళ్ల ముందు కూడా ఒకటీ అరా ఆగి ఉంటున్నాయి. కొనాలా వద్దా అని ఆలోచించే కుటుంబాలు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "నెలకు కరెంటు బిల్లు ఎంత పెరుగుద్ది?" షోరూంలో దీనికి "కిలోమీటరుకు రూపాయి" అని ఒక్క ముక్కలో చెప్పి పంపిస్తున్నారు. అది పూర్తి లెక్క కాదు. కామర్స్ చదివిన అలవాటు కొద్దీ నేను కాగితం మీద వేసి చూశాను.

నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే కారు అనుకుందాం. చిన్న కారైతే ఒక యూనిట్‌కి ఆరేడు కిలోమీటర్లు వస్తుంది. చార్జింగ్‌లో పోయే కరెంటు కూడా కలుపుకొని 150 యూనిట్లు వేసుకుందాం. ఇప్పుడు మన రాష్ట్రంలో ఇళ్ల టారిఫ్ 2022 ఏప్రిల్ నుంచి స్లాబుల లెక్కలో ఉంది. మొదటి 30 యూనిట్లకు రూ.1.90, 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75, ఆపైన రూ.9.75. కారు వాడే యూనిట్లు కింది స్లాబులో పడవు. ఇంట్లో ఫ్రిజ్, ఫ్యాన్లు, మోటారు వాడగా మిగిలిన పై స్లాబులోనే కూర్చుంటాయి. మీ ఇల్లు ఇప్పటికే 250 యూనిట్లు వాడుతుంటే, కారు 150 యూనిట్లూ రూ.8.75 చొప్పున పడి రూ.1,312 అవుతుంది. ఎండాకాలంలో ఏసీతో ఇల్లే 400 దాటిందనుకోండి, అదే కారుకు రూ.1,462. వీటి మీద సర్దుబాటు చార్జీలు, సుంకం అదనం. అంటే కిలోమీటరుకు రూపాయిన్నర దాకా పోతుంది.

ఇక్కడే చాలామందికి తెలియని దారి ఒకటుంది. ఎలక్ట్రిక్ వాహనాల చార్జింగ్‌కి టారిఫ్‌లో వేరే కేటగిరీ ఉంది, యూనిట్ రూ.6.70. దీనికి స్లాబులు లేవు. అదే 150 యూనిట్లు రూ.1,005తో సరిపోతుంది. కారు కోసం విడిగా కనెక్షన్ అడిగే హక్కు వినియోగదారుడికి ఉందని కేంద్రం 2024 ఫిబ్రవరిలో సవరించిన నియమాల్లో స్పష్టంగా రాసింది. నెలకు మిగిలేది మూడు నాలుగు వందలు. కొత్త మీటరుకు డిపాజిట్, వైరింగ్ ఖర్చు ఉంటాయి కాబట్టి తక్కువ తిరిగేవాళ్లకు ఇది అంత లాభం కాదు. నెలకు 1,500 కిలోమీటర్లు దాటేవాళ్లు, ఏసీలు ఎక్కువున్న ఇళ్లవాళ్లు మాత్రం సీపీడీసీఎల్ ఆఫీసుకు ఒకసారి వెళ్లి రావడం మంచిది. ఇంట్లో ఉన్న కనెక్షన్ మీదే చార్జింగ్ పెట్టుకోవడం కూడా నిబంధనల ప్రకారం తప్పేం కాదు. దానికి ఎవరి లైసెన్సూ అక్కర్లేదు.

పెట్రోలుతో పోల్చి చూద్దాం. లీటరు రూ.109 అనుకుని, 16 కిలోమీటర్ల మైలేజీ వేసుకుంటే వెయ్యి కిలోమీటర్లకు దాదాపు రూ.6,800. కరెంటు ఎటు చూసినా చవకే. కానీ ఇంట్లో చార్జింగ్ సౌకర్యం లేక మొత్తం బయటి ఫాస్ట్ చార్జర్ల మీదే ఆధారపడితే, యూనిట్ రూ.20 చొప్పున వేసుకున్నా రూ.3,000 అవుతుంది. కారు ధర ఎక్కువ పెట్టి కొన్న లాభంలో కొంత అక్కడే కరిగిపోతుంది. సొంత పార్కింగ్ లేనివాళ్లు ఈ అంకె చూసుకున్నాకే అడ్వాన్స్ కట్టండి.

ప్లగ్ పెట్టే ముందు

కారుతోపాటు ఇచ్చే చార్జర్ మామూలు 15 ఆంప్స్ పవర్ ప్లగ్‌లోనే పెట్టొచ్చు. 24 యూనిట్ల బ్యాటరీ ఉన్న చిన్న కారు రాత్రంతా, అంటే ఎనిమిది తొమ్మిది గంటలకు నిండుతుంది. మీరు గమనించాల్సింది ఆ గంటలే. గీజర్ కూడా అదే ప్లగ్‌లో పెడతాం, పావుగంటలో ఆపేస్తాం. ఇస్త్రీ పెట్టె మధ్యమధ్యలో ఆగుతుంది. కారు అలా కాదు, తెల్లారేదాకా ఆపకుండా లాగుతుంది. పాత ఇళ్లలోని సన్న వైరు, వదులైన సాకెట్ ఆ వేడికి మెత్తబడి నల్లబడతాయి. అందుకే మెయిన్ బోర్డు నుంచి విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు లాగించి, దానికి ప్రత్యేక ఎంసీబీ, 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ పెట్టించాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దే వద్దు. మొదటి వారం చార్జింగ్ మొదలైన గంటకు ప్లగ్ తీసి చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చురుక్కుమంటే ఎలక్ట్రీషియన్‌ని పిలవాల్సిందే.

ఇంటి లోడు సంగతీ ఉంది. రెండు కిలోవాట్ల లోడు రాయించుకున్న ఇంట్లో కారు ఒక్కటే మూడు కిలోవాట్ల దాకా లాగుతుంది, దాని మీద ఏసీ. ముందే లోడు పెంచుకోవాలి. గోడకు బిగించే 7.2 కిలోవాట్ల బాక్సు కావాలంటే డిస్కంతో మాట్లాడకుండా ముందుకు పోవద్దు. అద్దె ఇంట్లో ఉంటే మీటరు ఓనరు పేరు మీద ఉంటుంది కాబట్టి వాళ్ల మాట ముందు తీసుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యం ఎర్తింగ్. మన పాత ఇళ్లలో మూడో పిన్ను చాలాచోట్ల అలంకారానికే ఉంటుంది. కారు చార్జర్ మాత్రం దాన్ని పరీక్షిస్తుంది. ఎర్త్ లేకపోతే ఎర్ర లైటు వేసి చార్జింగ్ ఆపేస్తుంది. అప్పుడు కొందరు ఎలక్ట్రీషియన్లు ఒక కిటుకు చేస్తారు. సాకెట్‌లోనే న్యూట్రల్ నుంచి చిన్న వైరు ముక్క తీసి ఎర్త్ పిన్నుకు కలిపేస్తారు. లైటు పచ్చగా మారుతుంది, వంద రూపాయలు తీసుకుని వెళ్లిపోతారు. ఇది చాలా ప్రమాదం. బయట న్యూట్రల్ ఊడితే కారు బాడీకే కరెంటు వస్తుంది. ఉదయాన్నే డోరు మీద చెయ్యి వేసేది పిల్లలే కావచ్చు. ఎవరైనా ఈ సలహా ఇస్తే ఒప్పుకోకండి, గుంట తవ్వించి సరైన ఎర్త్ పెట్టించండి. డెల్టా నేలలో తడి ఉంటుంది కాబట్టి ఎర్త్ బాగానే పనిచేస్తుంది. కానీ మే నెలలో పైమట్టి ఎండిపోతుంది, వారానికోసారి గుంటలో బిందెడు నీళ్లు పోయాలి. బందరు, అవనిగడ్డ వైపు ఉప్పు నేలల్లో ఇనప పైపు త్వరగా తుప్పు పడుతుంది, అక్కడ ఏడాదికోసారి చెక్ చేయించాలి.

రంజాన్‌లో చిన్న మార్పు చేసుకుంటే సరిపోతుంది. సహరీ వేళకు ఇంట్లో గీజర్, ఓవెన్, మోటారు అన్నీ ఒకేసారి నడుస్తాయి. తరావీహ్ నుంచి రాగానే కారు ప్లగ్ పెట్టి, టైమర్‌తో మూడింటికల్లా ఆగేలా పెట్టుకుంటే ఎంసీబీ పడిపోయి చీకట్లో సహరీ చేసే పని ఉండదు.

సూర్యారావుపేట ఘటన ఏం నేర్పింది

2022 ఏప్రిల్ 23 తెల్లవారుజామున విజయవాడ సూర్యారావుపేటలో ఒక ఇంట్లో ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలింది. ముందురోజే కొన్న బండి. బ్యాటరీ తీసి పడకగదిలో చార్జింగ్ పెట్టి కుటుంబం నిద్రపోయింది. ఇంటి పెద్ద ప్రాణం పోయింది, భార్యాపిల్లలు గాయపడ్డారు. అదే రోజుల్లో దేశంలో మరికొన్ని చోట్ల కూడా స్కూటర్లు తగలబడ్డాయి. ఆ తర్వాత కేంద్రం బ్యాటరీ భద్రతా ప్రమాణాలను గట్టిగా సవరించింది. స్కూటర్లకు ఏఐఎస్-156, కార్లకు ఏఐఎస్-038. మొదటి దశ 2022 డిసెంబరు 1 నుంచి, రెండో దశ 2023 మార్చి 31 నుంచి అమల్లోకి వచ్చాయి. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు తయారీ తేదీ చూడమని చెప్పేది ఇందుకే.

కారు బ్యాటరీని ఇంట్లోకి తీసుకురాలేం కాబట్టి ఆ ప్రమాదం కొంత తక్కువ. కానీ వన్‌టౌన్ గల్లీల్లో మేడ మీది కిటికీలోంచి వైరు వేలాడదీసి, రోడ్డు దాటించి కారుకు పెట్టడం అప్పుడప్పుడూ కనిపిస్తుంది. వానలో, బళ్ల చక్రాల కింద నలిగే ఆ వైరు పక్కింటి పిల్లలకు కూడా ప్రమాదమే. అంతకంటే బయటి చార్జర్‌కు యూనిట్ ఇరవై ఇవ్వడం నయం.

ఎండలు, బుడమేరు

బెజవాడను ఊరికే బ్లేజ్‌వాడ అనరు. లిథియం బ్యాటరీకి వేడి పడదు, నిండుగా చార్జ్ అయి ఎండలో నిలబడితే అసలు పడదు. మధ్యాహ్నం దూరం తిరిగొచ్చిన కారును వెంటనే ప్లగ్ పెట్టకుండా గంట సేపు నీడలో ఆరనివ్వండి. రాత్రి చార్జింగే మేలు. ఎంత వరకు నింపాలి అన్నది బ్యాటరీ రకాన్ని బట్టి ఉంటుంది. మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే కార్లలో ఎల్‌ఎఫ్‌పీ రకం ఉంటోంది. దాన్ని అప్పుడప్పుడు నెమ్మదిగా నూరు శాతం నింపితేనే మీటరు చూపే శాతం సరిగ్గా ఉంటుంది. నికెల్ రకమైతే రోజూ 80 దగ్గర ఆపాలి. ఏ రకమో మీ కారు పుస్తకంలో ఉంటుంది.

ఇక నీళ్లు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు గండ్లు పడి సింగ్‌నగర్, వాంబే కాలనీ, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరీపేట మునిగినప్పుడు వీధుల్లో నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. కారు బ్రోషర్‌లో "ఐపీ67" అని గర్వంగా రాస్తారు. దాని అర్థం ఏమిటంటే, ఒక మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచినా లోపలికి నీరు పోదని. పరీక్ష చేసేది మంచినీళ్లలో, కొత్త సీళ్లతో. సింగ్‌నగర్‌లో నిలిచింది అరగంట కాదు, మంచినీళ్లూ కాదు. మోకాలి లోతు నీళ్లు దాటడానికి ఆ గుర్తు ధైర్యం ఇస్తుందేమో గానీ, మునిగిన కారుకు గ్యారంటీ ఇవ్వదు.

సముద్రం దగ్గరున్నవాళ్లు ఇంకో మాట వినాలి. 2022లో అమెరికాలోని ఫ్లోరిడాను ఇయాన్ తుఫాను ముంచినప్పుడు, ఉప్పునీళ్లలో నానిన ఎలక్ట్రిక్ కార్లు కొన్ని నీళ్లు తీశాక, రోజుల తర్వాత తగలబడ్డాయి. ఉప్పునీరు కరెంటును బాగా పారనిస్తుంది, ఆరాక లోపల మిగిలిన ఉప్పు సెల్‌కీ సెల్‌కీ మధ్య షార్ట్ చేస్తుంది. అలాంటి కార్లను ఇళ్లకు 50 అడుగుల దూరంలో ఉంచమని అక్కడి రోడ్డు భద్రతా సంస్థ చెప్పింది. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి సముద్రం వచ్చిన సంగతి మన పెద్దలకు గుర్తే. తుఫాను హెచ్చరిక వస్తే కారును ముందే ఎత్తైన చోటికి తీసుకుపోవడం ఒక్కటే మార్గం.

మునిగితే? స్టార్ట్ చేయొద్దు, చార్జింగ్ పెట్టొద్దు. ఫొటోలు తీసి, ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేసి, టోయింగ్ బండి మీదే సర్వీసు సెంటరుకు పంపాలి. మీరు స్టార్ట్ చేశాక జరిగిన నష్టం మీ వల్ల జరిగిందని కంపెనీ క్లెయిము కొట్టేయొచ్చు. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే వరద నష్టానికి పైసా రాదు. సొంత నష్టం కవరు, దాంతోపాటు బ్యాటరీ కవరు ఉన్నాయో లేదో రెన్యూవల్ అప్పుడే చూసుకోండి.

సర్వీసింగ్

ఇంజన్ ఆయిల్, ఫిల్టర్, క్లచ్ లేవు. అది నిజమే. టైర్లు మాత్రం త్వరగా అరుగుతాయి, కారు బరువు ఎక్కువ కదా. బ్రేకులు తక్కువ వాడకంతో తుప్పు పడతాయి, వానాకాలంలో చూపించాలి. బ్యాటరీని చల్లబరిచే కూలెంట్ గడువుకు మార్చాలి. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా, మామూలు 12 వోల్టుల చిన్న బ్యాటరీ చచ్చిపోతే కారు కదలదు. నెల రోజులు ఊరెళ్లేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఆటోనగర్‌లో తెలిసిన మిస్త్రీ దగ్గరకు తీసుకెళ్లడం మన అలవాటు. టైర్లు, సస్పెన్షన్, ఏసీ ఫిల్టర్ వరకు ఫర్వాలేదు. నారింజ రంగు వైర్ల జోలికి మాత్రం శిక్షణ లేనివాళ్లు పోకూడదు, వాటిలో వందల వోల్టులుంటాయి. ఐటీఐలో ఇప్పుడు మెకానిక్ ఎలక్ట్రిక్ వెహికల్ అనే ట్రేడ్ ఉంది. ఆటోనగర్‌లో తరాలుగా ఇంజన్లు విప్పిన కుటుంబాల పిల్లలు అందులో చేరితే, పదేళ్ల తర్వాత ఆ షెడ్లు వాళ్లవిగానే ఉంటాయి.

సెకండ్ హ్యాండ్ కారు చూస్తున్నవాళ్లు ఓడోమీటరు కంటే ముందు సర్వీసు సెంటరులో బ్యాటరీ ఆరోగ్యం రిపోర్టు తీయించండి. చాలా కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి, అది రెండో ఓనరుకు వస్తుందో లేదో రాతపూర్వకంగా అడగండి. కారు 2024 సెప్టెంబరు కంటే పాతదై విజయవాడలోనే తిరిగినదైతే ఇన్సూరెన్స్ క్లెయిముల చరిత్ర కూడా తెప్పించుకోండి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. సీట్లు కడిగేస్తారు గానీ, చుట్టలో లోపలున్న బెల్టుకు పట్టిన బురద మరక ఒక్కోసారి అలాగే ఉంటుంది.