లంచము, రిష్వతు, మామూలు: కొన్ని మాటల వెనుక కథ

క్రిందటి విద్యాసంవత్సరములో ఒకనాడు తెలుగు, ఉర్దూ మాధ్యమముల విద్యార్థులను ఒకేచోట కూర్చుండబెట్టి అనువాదాభ్యాసము చేయించాము. ఇచ్చిన ఉర్దూ వాక్యములో ‘రాషీ అఫ్సర్’ అనే మాట ఉన్నది. అందరూ ‘లంచగొండి అధికారి’ అని వ్రాశారు. మేము సరియేనని గుర్తు పెట్టబోతుండగా, అక్కడనే ఉన్న అరబ్బీ అధ్యాపకులు చిరునవ్వుతో ఆపారు. అరబ్బీలో ‘రాషీ’ అంటే లంచము పుచ్చుకొనేవాడు కాదు, ఇచ్చేవాడు. పుచ్చుకొనేవాడు ‘ముర్తషీ’. ఇద్దరి నడుమ తిరిగే మధ్యవర్తికి కూడ ‘రాయిష్’ అని వేరే పేరున్నది. ఉర్దూ వాడుకలో ఇచ్చేవాని పేరు ఎట్లో పుచ్చుకొనేవానికి అంటుకొని అక్కడే స్థిరపడింది. ఆనాటి చర్చయే ఈ వ్యాసమునకు మూలము.

‘రిష్వత్’ పుట్టుకను గురించి అరబ్బీ నిఘంటుకారులు చెప్పే మాట చాల సొగసైనది. బావిలో నీరు తోడే చేంతాడును ‘రిషా’ అంటారు. చేయి అందని లోతులోని నీటిని చేంతాడు పైకి తెచ్చినట్లే, న్యాయముగా అందని పనిని రిష్వతు అందిస్తుందని వారి భావము. ఖురానులో న్యాయాధికారులకు ధనమును ముట్టజెప్పుటను నిషేధించే వాక్యము (2:188)లో వాడిన క్రియ కూడ బావిలోనికి బొక్కెన దించుటకు వాడేదే. హదీసు ఇచ్చేవానిని, పుచ్చుకొనేవానిని ఇద్దరినీ శపిస్తుంది. అందుచేతనే అక్కడ ఇద్దరికీ వేర్వేరు పేర్లు అవసరమైనవి కాబోలు.

మన భాషలో కూడ ఈ వ్యవహారమునకు నీటితో చుట్టరికము లేకపోలేదు. తెలుగువాడు పని కావలెనంటే ఎదుటివాని ‘చేయి తడుపుతాడు’. కౌటిల్యుడు అర్థశాస్త్రములో రాజధనమును తాకే ఉద్యోగిని నీటిలోని చేపతో పోల్చాడు; అది నీరు త్రాగినదో లేదో ఎవరు కనిపెట్టగలరు? ఉర్దూ మాట్లాడేవారు మాత్రము చేయి తడపరు, ‘ముఠ్ఠీ గరమ్’ చేస్తారు, అనగా పిడికిలి వెచ్చజేస్తారు. తడిసినా, వెచ్చబడినా చేయి ఒకటే. మలయాళమువారు దీనిని ‘కైక్కూలి’ అని చేతికి కూలిగా చెప్పుకొన్నారు. లంచము అనే మాట మనకే గాక కన్నడ, తమిళములకు కూడ ఉన్నది. మరాఠీలో ‘లాచ్’ అంటారు.

ఇక పుచ్చుకొనేవానిని చెప్పవలసి వచ్చినప్పుడు మాటలన్నీ చేతిని విడిచి నోటిని పట్టుకొంటాయి. లంచము ‘తిన్నాడు’, ‘మేశాడు’, ‘మింగాడు’ అంటాము. మరీ కోపము వస్తే ‘గడ్డి తిన్నాడు’ అని పశువుల వరుసలో కలుపుతాము. ఉర్దూలో ‘రిష్వత్‌ఖోర్’ అనే మాటలోని ‘ఖోర్’ అంటే తినేవాడనియే అర్థము. మనము ‘పై సంపాదన’ అనేదానిని వారు ‘బాలాయీ ఆమ్దనీ’ అంటారు. బాలాయీ అంటే పైది. పాలమీది మీగడను కూడ బాలాయీ అనియే అంటారు. ఇంతకంటె రుచికరమైన పేరు మాకు తోచుటలేదు.

మమ్ములను ఎక్కువగా ఆలోచింపజేసిన మాట ‘మామూలు’. అరబ్బీ ‘మఅమూల్’ అంటే ఆచరణలో ఉన్నది, అలవాటైనది. ఫారసీ రాజభాషగా ఉన్న కాలములో ఇట్టివి ఎన్నో తెలుగులో కుదురుకొన్నవి. ఏకవచనములో ఈ మాటకు ఏ పాపమూ తెలియదు. ‘ఆరోగ్యము ఎట్లున్నది?’ అంటే ‘మామూలే’ అంటాము. బహువచనము చేసి ‘మామూళ్ళు’ అన్నామో, వెంటనే నెలనెలా చేతులు మారే సొమ్ము కండ్లకు కడుతుంది. నడుమ ‘దసరా మామూలు’ ఒకటున్నది. ఏడాదంతా ఉత్తరములు తెచ్చి ఇచ్చిన తపాలా బంట్రోతు పండుగనాడు వచ్చి అడిగితే, అది సంతోషముతో ఇచ్చేది. పని జరిగిపోయిన తరువాత ఇచ్చేది. అదే సొమ్మును పనికి ముందు, పని ఆగిపోతుందనే భయముతో ఇస్తే పేరు మారదు గాని వస్తువు మారిపోతుంది.

నజరానా కథ కూడ ఇట్టిదే. హైదరాబాదు దర్బారులో నిజాముకు నజరు సమర్పించుట మర్యాదలలో ఒకటి. బెంగాలులో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు కానుకల పేరుతో ఎంత కూడబెట్టారంటే, 1773 నాటి రెగ్యులేటింగ్ చట్టము కానుకలు స్వీకరించుటనే నిషేధించవలసి వచ్చింది. కానుకలు పుచ్చుకొన్నాడన్నది వారన్ హేస్టింగ్సుపై మోపిన అభియోగములలో ఒకటి. 1788లో ఆరంభమైన ఆ విచారణ 1795 వరకు సాగి, చివరకు ఆయన నిర్దోషిగా విడుదలయ్యాడు.

లంచము చేతిలో పడేది. ప్రలోభము కంటికి చూపేది. ఎర, తాయిలము, ఆశపెట్టుట, ఊరించుట, ఇవన్నీ ఇంకా ఇవ్వనిదానిని గురించిన మాటలు. ఉర్దూవారు ‘సబ్జ్ బాగ్’ (పచ్చని తోటలు) చూపిస్తారు. మనము అరచేతిలో వైకుంఠము చూపిస్తాము. పసివానిని ఊరుకోబెట్టుటకు పెట్టే తాయిలము ఈనాడు పత్రికలలో ఎన్నికల వాగ్దానములకు పేరైనది. ఓటరును పసివానిగా భావించిన మాట అది! కౌటిల్యుడు ప్రలోభమును పరీక్షగా కూడ వాడుకొన్నాడు. దానికి ‘ఉపధ’ అని పేరు. రాజుపై తిరుగుబాటుకు రమ్మని రహస్యముగా ధనము ఆశచూపినప్పుడు లొంగనివానికే ధనాగారము, పన్నుల వసూలు అప్పగించవలెనన్నాడు.

చట్టము కూడ పుచ్చుకొనేవానినే ముందుగా చూచింది. ఇచ్చేవాడు చాలకాలము నేరమునకు తోడ్పడినవాడుగానే లెక్కకు వచ్చాడు. అవినీతి నిరోధక చట్టమునకు 2018లో చేసిన సవరణతో ఇచ్చుట స్వయముగా ఒక నేరమైనది. బలవంతముచేత ఇవ్వవలసి వచ్చినవాడు 7 దినములలో అధికారులకు తెలిపితే అతనికి రక్షణ ఉన్నది.

అనువాదపు తరగతి జరిగిన నెలకు ఒక విద్యార్థి ఆలస్యముగా వచ్చాడు. ఉపకారవేతనమునకు ఆదాయ ధ్రువపత్రము కావలసి ఒక కార్యాలయమునకు వెళ్ళాడట. “పని అయినదా?” అని అడిగాము. “అయినది సార్, చాయ్ పానీకి రెండువందలు ఇచ్చాను” అన్నాడు. “అయితే నీవు రాషీవి” అన్నాము. “లంచము కాదు సార్, చాయ్ పానీ!” అని అతడు నొచ్చుకొన్నాడు. మేము ఇంకేమియు అనలేకపోయాము. అంతకు ముందటి సంవత్సరము మా ఇంటి కాగితము కొరకు మేమును ఇచ్చాము. ఇంటిలో దానిని ‘ఖర్చులు’ అని చెప్పుకొన్నాము.

తెలుగులో లంచగొండి ఉన్నాడు. ఇచ్చేవానికి మాత్రము ఒక్క మాటలో పేరు మాకు ఇంతవరకు దొరకలేదు. విద్యార్థులారా, మీ గ్రామములలో పెద్దల నోట అట్టి మాట ఏదైన వినిపించినచో తెలుగు శాఖకు వ్రాసి ఇవ్వగలరు.