పంచని లాభము ఏమి సంపాదించినది?

నర్సీపట్నం చుట్టుపట్ల గ్రామములలో తెల్లవారుజామున పాలకేంద్రమునకు పాలు పోసి, వెన్నశాతము వ్రాయించుకొని ఇంటికి మరలు రైతు, తనకు రావలసిన పాలబిల్లును గూర్చి పైసలతో సహా లెక్క చెప్పగలడు. కాని ఆ పాలను కొని, కాచి, పాకెట్లు కట్టి, అమ్మి, ఖర్చులు పోగా మిగిలిన లాభములో కొంత పంచి, తక్కినది తనయొద్దనే అట్టిపెట్టుకొను సంస్థ, ఆ ధనముతో ఏమి సాధించినదని అడిగినచో, ఆ రైతే కాక, అటువంటి కంపెనీల షేర్లు కొని దాచుకొన్న పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు సైతము క్షణకాలము తెల్లబోవును.

లాభము న్యాయముగా వాటాదారుల సొత్తు. డైరెక్టర్లు అందులో కొంత డివిడెండు రూపమున చేతికిచ్చి, మిగిలినదానిని కొత్త ప్లాంటునకో, పల్లెలలో బల్క్ కూలర్లకో, పాత అప్పు తీర్చుటకో వాడుదుమని నిలిపివేయుదురు. ఇట్లు నిలిపిన మొత్తము ఆస్తి అప్పుల పట్టీలో రిజర్వులు, మిగులు అను పేరుతో ఏటేట పెరుగుచుండును. దానిని చూచి, అంత రొక్కమును కంపెనీ ఇనుపపెట్టెలో భద్రపరచినదని భ్రమపడువారు పెక్కుమంది కలరు. నిజమునకు అది ఎన్నడో స్టీలు ట్యాంకులుగను, లారీలుగను, గోదాములోని పాలపొడి బస్తాలుగను రూపు మార్చుకొని యుండును. కొత్త షేర్లు జారీచేసి ధనమడుగు కంపెనీని పదిమారులు ప్రశ్నించు మనము, ప్రతియేట అడుగకయే మన లాభమును తీసికొను కంపెనీని ఒక్కమారైనను ప్రశ్నింపము. నా దృష్టిలో ఆ రెండును ఒక్కటే.

ప్రశ్నించు విధానము కష్టమైనది కాదు. ఉదాహరణకొక కల్పిత ఆహార కంపెనీని తీసికొందము. పదియేండ్లనాడు దాని షేరు ఒక్కింటికి మూలధనము, రిజర్వులు కలిసి 50 రూపాయలు. ఆ యేటి లాభము 10 రూపాయలు. ఆ పిమ్మటి పదియేండ్లలో షేరునకు మొత్తము 160 రూపాయల లాభము రాగా, 40 రూపాయలు పంచి, 120 రూపాయలు నిలిపినది. నేడు వార్షికలాభము 22 రూపాయలు. అనగా నిలిపిన 120 రూపాయలకు ఫలముగా లాభము పెరిగినది 12 రూపాయలు. నూటికి 10 వంతున అన్నమాట. అయితే వార్షిక నివేదికలో కంపెనీ ప్రకటించు లెక్క వేరు. మొత్తము 170 రూపాయల మీద 22 రూపాయలు వచ్చినవి గనుక నూటికి 13 వంతునకు చేరువగా సంపాదించితిమని అది చెప్పుకొనును. అబద్ధమేమియు లేదు, పాత గేదె పాలను, కొత్త గేదె పాలను ఒకే బిందెలో పోసి కొలిచినట్లు, మొదటి 50 రూపాయల చేవ, వెనుకటి 120 రూపాయల మాంద్యమును కప్పిపుచ్చినది, అంతే. ఒకనాడు నూటికి 20 వంతున గడించిన వ్యాపారము, కొత్త ధనము మీద అందులో సగమే గడించుచున్నదన్న వార్త నిలిపిన ధనము మీద వేసిన మొదటి లెక్క వలననే బయటపడును.

ఇక్కడ మరియొక చిక్కు కలదు. ఈ పదియేండ్లలో పాల ధర, నేతి ధర పెరిగినవి. ఒక్క రూపాయియు కొత్తగా పెట్టకున్నను, పాత ప్లాంటే ధరల పెరుగుదల మూలమున 10 రూపాయలకు బదులు 14 రూపాయలు ఆర్జించి యుండవచ్చును. అట్లయిన పక్షమున కొత్త 120 రూపాయలు తెచ్చినది 8 రూపాయలే. బ్యాంకులో డిపాజిట్టు వేసికొన్నవాడు దానిని చూచి చిరునవ్వు నవ్వును.

ఈ విషయమునందు లోకమున ప్రసిద్ధికెక్కిన ఉదాహరణము మిఠాయిల కంపెనీ ఒకటి. కాలిఫోర్నియాలోని సీస్ క్యాండీస్‌ను 1972లో అమెరికా పెట్టుబడిదారుడు వారెన్ బఫెట్ నియంత్రణలోని సంస్థ రెండున్నర కోట్ల డాలర్లకు కొన్నది. అప్పుడు దానిని నడుపుటకు కావలసిన పెట్టుబడి 80 లక్షల డాలర్లు. పన్నునకు ముందటి లాభము 50 లక్షల లోపు. 2007 నాటికి ఆ లాభము 8 కోట్ల 20 లక్షలకు పెరుగగా, పెట్టుబడి 4 కోట్లకు మాత్రమే పెరిగినది. ముప్పదియైదేండ్లలో వ్యాపారములోనికి మరల వేసినది 3 కోట్ల 20 లక్షలు; అంతకాలము ఆర్జించినది 135 కోట్లు; పన్నులు పోగా తక్కినది యజమానికి చేరి, ఇతర వ్యాపారములను కొనుటకు వినియోగపడినది. అమ్మిన మిఠాయి తూకము మాత్రము ఏడాదికి నూటికి 2 వంతుల చొప్పుననే పెరిగినది. ధర పెంచినను కొనువాడు మరలిపోని సరకు కావుటయే ఇందలి రహస్యము. పాకెట్టుకు రెండు రూపాయలు పెంచిన మరునాడే పక్క కంపెనీ పాలవైపు చూచు గృహిణి గల పాలవ్యాపారమునకు ఇంతటి భాగ్యము లేదు. ఆ బఫెట్టే నిలిపిన ప్రతి డాలరునకు కాలక్రమమున కనీసమొక డాలరు మార్కెట్టు విలువ పెరుగవలెనని 1983లో తన వాటాదారులకు నియమముగా ప్రకటించెను. మార్కెట్టు ఉన్మాదములో ఉన్న సంవత్సరమున ఈ పరీక్షలో చేతగాని కంపెనీయు ఉత్తీర్ణమగును గనుక, లాభపు లెక్కనే నేను ఎక్కువగా నమ్ముదును.

మన తెలుగు కంపెనీలలో హెరిటేజ్ ఫుడ్స్ చరిత్ర ఈ సందర్భమున పరిశీలింపదగినది. 1992లో నారా చంద్రబాబునాయుడు స్థాపించిన సంస్థ అది. రాజకీయములను గుమ్మము వెలుపల విడిచి లెక్కలనే చూతము. పాలవ్యాపారముతో మొదలైన ఆ సంస్థ, అటుపిమ్మట నగరములలో హెరిటేజ్ ఫ్రెష్ దుకాణములను తెరచినది. పాలవిభాగము లాభములు తెచ్చుచుండగా, దుకాణముల విభాగము ఏండ్ల తరబడి నష్టములలో నడచినది. కంపెనీ మొత్తపు లాభము ఒక్కటే చూచిన వాటాదారునకు, తన నిలిపిన రూపాయి ఏ గదిలో పెరిగినదో, ఏ గదిలో కరగినదో తెలియదు. దానిని తెలిసికొనుటకే నివేదికలో విభాగముల వారీ లెక్కలు ప్రత్యేకముగ ముద్రింతురు. తుదకు 2016 నవంబరులో ఆ దుకాణములను ఫ్యూచర్ రిటైల్‌కు అప్పగించి, బదులుగా ఆ కంపెనీ షేర్లలో నూటికి 3.65 వంతులు పుచ్చుకొనుటకు హెరిటేజ్ అంగీకరించినది. ఫలమీయని చోటినుండి ధనమును మరల్చుట పరాజయమని పత్రికలు వ్రాయును గాని, వాటాదారునకు అదియే ఉపకారము.

లెక్కవేయువారు కొన్ని విషయములందు మెలకువతో ఉండవలెను. పాల ఉత్పత్తి ముమ్మరముగ ఉండి సేకరణ ధర దిగిన యేటను చివరి యేడుగా గైకొన్నచో ఫలము మిక్కిలి ఉజ్జ్వలముగ కన్పట్టును. కావున రెండు కొసలయందును మూడేసి యేండ్ల సగటు తీసికొనుట మేలు. బోనసు షేర్లిచ్చియున్నచో పాత అంకెలను సరిచేయవలెను. అప్పుతో కట్టిన ప్లాంటు తెచ్చిన లాభమును నిలిపిన లాభపు ఖాతాలో వేయరాదు. ఆహారవ్యాపారములన్నియు ఒక్క తీరువి కావు: రైతులకు పదిపదునైదు రోజులకొకమారు బిల్లు చెల్లించి, పాలను నాటికి నాడే అమ్ముకొను డెయిరీకి చేతిపెట్టుబడి అంతగా అక్కరలేదు, ఆ డెయిరీయే వెన్న, పాలపొడి నిలువచేయ మొదలిడినచో ధనము గోదాములలో నెలల తరబడి చిక్కుకొనును.

నర్సీపట్నం రైతు సంగతి వేరు. అతడెరిగిన విశాఖ డెయిరీ స్టాకుమార్కెట్టు కంపెనీ కాదు. పాలు పోయువారే వాటాదారులుగా గల ఉత్పత్తిదారుల కంపెనీ. 2002 నాటి సవరణతో కంపెనీల చట్టములో ప్రవేశించిన ఈ తరహా సంస్థలు సాధారణ రిజర్వును విధిగా నిర్వహింపవలెను; మిగులును సభ్యుడు పోసిన పాలను బట్టి బోనసుగా పంచవచ్చును. సరకు ధరలోనే కొంత నిలిపి, పిమ్మట రొక్కముగానో షేర్లుగానో ఇచ్చుటకును చట్టము అనుమతించినది. ఇట్టి సంస్థకు పై సూత్రమొక్కటే అన్వయించినచో అన్యాయము జరుగును. ఏలయనగా అది నిలిపిన ధనముతో మంచి యంత్రము కొని, ఖర్చు తగ్గించి, ఆ ఆదాను పాలధరలో కలిపి రైతునకిచ్చినచో, లాభనష్టాల ఖాతాలో ఒక్క పైసయు కనబడదు. మరియొక అంచున, ఇదే జిల్లాలో ఏటికొప్పాక, పాయకరావుపేటలోని తాండవ సహకార చక్కెర కర్మాగారములు కలవు. పాతబడిన యంత్రములు, పేరుకొన్న అప్పులు, తగ్గిన చెరకు సాగు కలిసి వానిలో గానుగ ఆపివేసినవి. యంత్రము మార్చవలసిన నాటికి చేతిలో నిలిపిన లాభము లేనిచోట రైతు పుచ్చుకొన్న ధరలో ఎంత భాగము రాబోవు కాలమునుండి తెచ్చుకొన్న అప్పో, ఆనాడు లెక్కించినవారు అరుదు.

కావున పాలు పోయు సభ్యుడు వేయవలసిన లెక్కలో రెండు భాగములుండును. పదియేండ్లలో సంస్థ నిలిపిన మొత్తమెంత, దాని మీద లాభమెంత పెరిగినదన్నది మొదటిది. అదే ఊరిలో ప్రైవేటు డెయిరీ ఇచ్చిన ధరకంటె, కిలో వెన్నకు తనకు ఏటేట ఎంత అధికముగ ముట్టినదన్నది రెండవది. మొదటిది వార్షిక నివేదికలో దొరకును. రెండవదానికి ఇంటిలోని పాల పుస్తకము, పొరుగువాని పాల పుస్తకము చాలును.