అడిగితేనే తెలిసే జబ్బులు

ముట్టు, కాన్పు, చలిజ్వరం. ఈ మూడు మాటలూ మన ఇళ్లల్లో అందరికీ తెలిసినవే. దవాఖానాకు పోతే మాత్రం మూడింటికీ మూడు గదులు, ముగ్గురు డాక్టర్లు, మూడు రిజిస్టర్లు. ఆడవాళ్ల ఒంట్లో అవి అలా విడివిడిగా ఉండవు. మూడూ ఒకే రక్తం మీద పడతాయి. మనలాంటి దేశాల్లో ఆడవాళ్ల ఆరోగ్యం మీద జరిగిన పరిశోధనల గురించి చదువుతుంటే నాకు ఒక సంగతి గట్టిగా తగిలింది. ఎవరో ఒకరు ఇంటిదాకా పోయి, ఆడవాళ్లకు అర్థమయ్యే మాటల్లో అడిగినప్పుడే ఈ జబ్బుల లెక్క బయటపడింది. అడగనంత కాలం అవి లేనట్టే ఉన్నాయి.

మన పక్క జిల్లా చెప్పిన పాఠం

దీనికి ఉదాహరణ కోసం దూరం పోనక్కర్లేదు. గడ్చిరోలి 1982 వరకు మన చంద్రపూర్ జిల్లాలోనే ఉండేది. ఆ సంవత్సరం ఆగస్టులో వేరే జిల్లా అయింది. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు అమెరికాలో ప్రజారోగ్యం చదివి వచ్చి, అక్కడ ‘సెర్చ్’ అనే సంస్థ పెట్టారు. రాణీ బంగ్ ఆడవాళ్ల డాక్టరు. అప్పట్లో పల్లెల్లో ఆడవాళ్ల ఆరోగ్యం అంటే గర్భం, కాన్పు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్, అంతే. గర్భవతి కాని ఆడదానికి ఏం జబ్బులున్నాయో ఎవరూ లెక్క తీయలేదు. దవాఖానాకు వచ్చినవాళ్లను లెక్కపెట్టడం తేలిక. రానివాళ్ల సంగతి ఏంటి?

అందుకని వాళ్లు దవాఖానాలో కూర్చోకుండా రెండు ఊళ్లను తీసుకుని, అక్కడి 650 మంది ఆడవాళ్లను అడిగి, పరీక్ష చేశారు. 1989లో ‘లాన్సెట్’ అనే పేరున్న వైద్య పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. 92 శాతం మందికి గర్భసంచికో, ఆ భాగాలకో సంబంధించిన జబ్బు ఏదో ఒకటి ఉంది. సగటున ఒక్కొక్కరికి 3.6 జబ్బులు. అందులో సగం ఇన్ఫెక్షన్లే. అంతకుముందు ఎప్పుడైనా ఇలాంటి పరీక్ష చేయించుకున్నవాళ్లు 8 శాతమే.

ఇంకో అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ 650 మందిలో 45 శాతం మంది మాకు ఏ బాధా లేదన్నారు. బాధ లేదన్నవాళ్లు సగానికి కొంచెం తక్కువ, జబ్బు లేనివాళ్లు 8 శాతమే. కొన్ని ఇన్ఫెక్షన్లకు నిజంగానే పైకి ఏ లక్షణమూ ఉండదు. కానీ ఆడపుట్టుక పుట్టినాక ఇది మామూలే అనుకునేవాళ్ల సంగతి మన ఇళ్లల్లో మనకు తెలియనిదా?

మాట దొరకని చోట

మా ఇంట్లో నాన్న వైపు తెలుగు, అమ్మ వైపు మరాఠీ. నానమ్మ ‘బయటున్నా’ అంటుంది, లేకపోతే ‘దూరంగున్నా’ అంటుంది. ఆజీ అయితే ‘కావళా శివలా’, కాకి ముట్టుకుంది అంటుంది. అమ్మ ‘అడ్చణ్’ అంటుంది, అంటే ఇబ్బంది. మా తరం ‘డేట్ వచ్చింది’ అంటుంది. రెండు భాషల్లో ఇన్ని మాటలున్నాయి గానీ, ఒక్కటీ ఒంట్లో ఏం జరుగుతోందో చెప్పదు. ఎక్కడ కూర్చోవాలో, ఎవరిని ముట్టుకోకూడదో చెబుతాయి. అదే మనం సూటిగా వాడే మాటలు చూడండి. తెల్లబట్ట, నెల తప్పడం, నీళ్లు పోసుకోవడం. వీటితో అడిగితే ముసలమ్మ కూడా జవాబు చెబుతుంది. ‘మీకు ఏదైనా స్త్రీ సంబంధ వ్యాధి ఉందా’ అని పుస్తక భాషలో అడిగితే లేదనే చెబుతుంది. సర్వే కాగితంలో ‘లేదు’ అని పడుతుంది. ఆ ‘లేదు’లు అన్నీ కలిసి జిల్లా లెక్క అవుతాయి.

మా మేనత్త సంగతి ఇలాంటిదే. నెలకు పదేసి రోజులు రక్తం పోయేది. నీరసం అని డాక్టరు దగ్గరకు చాలాసార్లు పోయింది. ప్రతిసారీ బలానికి సిరప్ రాసిచ్చారు. ముట్టు ఎన్ని రోజులు ఉంటోంది అని ఒక్కరూ అడగలేదు. అడగకుండా తను చెప్పలేదు, పక్కన మామయ్య నిలబడి ఉండేవాడు. చివరకు ఒక నర్సమ్మ అడిగింది. రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 6 ఉంది. ఉండాల్సింది కనీసం 12.

ఒకే రక్తం

ఇక్కడే మూడూ కలుస్తాయి. హిమోగ్లోబిన్ తయారవ్వాలంటే ఇనుము కావాలి. నెలనెలా ముట్టులో కొంత ఇనుము పోతుంది. తిండిలో అంత రాకపోతే లోటు పెరుగుతూ పోతుంది. ఆ లోటుతోనే పెళ్లి, గర్భం. గర్భంలో బిడ్డకూ, మాయకూ, పెరిగే తల్లి రక్తానికీ ఇంకా ఎక్కువ ఇనుము కావాలి. దాని మీద మలేరియా వస్తే, ఆ క్రిమి ఎర్రరక్తకణాల్లోనే పెరిగి వాటిని పగలగొట్టుకుని బయటకు వస్తుంది. ఒకటి రక్తాన్ని పోగొడుతుంది, ఒకటి అడుగుతుంది, ఒకటి పగలగొడుతుంది. ఇక కాన్పులో రక్తస్రావం అయితే తట్టుకునే నిల్వ ఎక్కడుంటుంది?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం. అంటే మన క్లాసు వయసే. పది మంది ఒక బెంచీ దగ్గర చేరితే ఆరుగురు అనుకోండి.

ఫాల్సిపేరమ్ అనే రకం మలేరియాకు ఇంకో గుణం ఉంది. ఆ క్రిమి ఉన్న కణాలు గర్భిణి మాయలో అతుక్కుని దాక్కుంటాయి. మలేరియా ఎప్పుడూ ఉండే ప్రాంతాల్లో తల్లికి ఒక్కోసారి జ్వరం కూడా రాదు. వేలి రక్తం తీసి చూసినా క్రిమి కనపడకపోవచ్చు. బిడ్డ మాత్రం తక్కువ బరువుతో పుడుతుంది. ఇక్కడ కూడా పైకి ఏ బాధా లేదు, లోపల జబ్బు ఉంది.

గడ్చిరోలి అడవుల్లో మలేరియా ఎక్కువ. అక్కడి మాడియా ఊళ్లల్లో ముట్టయిన ఆడవాళ్లు ‘కుర్మా ఘర్’ అనే విడి గుడిసెలో ఉండే ఆచారం ఉంది. దోమతెర, దీపం, నీళ్లు సరిగా లేని గుడిసెలో రాత్రి పడుకుంటే దోమ కుట్టకుండా ఉంటుందా? ముట్టు సమస్య, మలేరియా సమస్య అక్కడ ఒకే గుడిసెలో ఉన్నాయి. అడవిలో వాళ్ల ఆచారం అని మనం వేలు చూపించే ముందు, మన ఇళ్లల్లో విడిగా పెట్టే చాప, కంచం గుర్తు చేసుకుంటే మంచిది.

గర్భిణిని పక్కన పెట్టిన పరిశోధన

మలేరియా దోమ వల్లే వస్తుందనడానికి మొదటి గట్టి ఆధారం దొరికింది మన తెలుగు నేల మీదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పుడు ఫాల్సిపేరమ్‌కు వాడే మంచి మందులు ఆర్టెమిసినిన్ జాతివి. అయితే గర్భం మొదటి మూడు నెలల్లో ఆ జాతి మందును, ఆర్టెమెథర్-లుమెఫాంట్రిన్‌ను, వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది 2022లో. రాస్ దోమను కోసి చూసిన 125 ఏళ్లకు!

ఇంత ఆలస్యానికి చెడ్డ ఉద్దేశం కారణం కాదు. కొత్త మందుతో కడుపులో బిడ్డకు ఏమవుతుందో అని భయం. అందుకని మందుల పరీక్షల్లో గర్భిణులను చేర్చుకోరు. చేర్చుకోకపోతే ఆ మందు వాళ్లకు మంచిదో కాదో తెలియదు. తెలియదు కాబట్టి డాక్టరు ఇవ్వడానికి వెనకాడతాడు. జ్వరం మాత్రం ఆగదు కదా. కాపాడదామని పక్కన పెడితే, వాళ్లకే మందు చివర అందింది.

అడగడం పని చేస్తుందనడానికి కూడా గడ్చిరోలిలోనే సాక్ష్యం ఉంది. సెర్చ్ వాళ్లు 39 ఊళ్లల్లో, ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి బాలింతల ఇళ్లకు పంపారు. బిడ్డను తూచడం, వెచ్చగా ఉంచడం, ఇన్ఫెక్షన్ గుర్తుపట్టడం, అవసరమైతే మందు ఇవ్వడం వాళ్ల పని. పోల్చడానికి పెట్టుకున్న ఊళ్లతో చూస్తే మూడో ఏటికి పురిటి బిడ్డల చావులు 62 శాతం తగ్గాయి. ఇది 1999లో అచ్చయింది. 2011లో ప్రభుత్వం ఆశా కార్యకర్తల ద్వారా దేశమంతా ఇలాంటి ఇంటి సందర్శనలు మొదలుపెట్టింది. మన వీధికి వచ్చే ఆశాతాయి చేతిలోని తూకం వెనక ఈ కథ ఉంది.

మనం చేయగలిగింది

మనం డాక్టర్లం కాము, బీఏ చదివేవాళ్లం. అయినా రెండు పనులు మన చేతిలో ఉన్నాయి.

ఒకటి, హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవడం. ప్రభుత్వ దవాఖానాలో చేస్తారు. ముట్టు ఏడు రోజులు దాటినా, గంట గంటకూ ప్యాడ్ మార్చాల్సి వచ్చినా, డాక్టరు అడగకపోయినా మనమే చెప్పాలి. ఐరన్ గోలీ ఇస్తే చాయ్‌తో కాకుండా, నిమ్మరసం లాంటి పుల్లటిదానితో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది.

రెండోది భాష పని, అది మన డిపార్ట్‌మెంట్ పనే. ముట్టుకు, తెల్లబట్టకు, గర్భానికి, కాన్పుకు, చలిజ్వరానికి మీ ఇంట్లో ఏమంటారు? సిరోంచా వైపు ఒకలా, రాజురా వైపు ఒకలా, బల్లార్‌పూర్ గని కాలనీల్లో ఇంకోలా అంటారు. మరాఠీ, గోండీ మాటలైనా సరే. ఈ వ్యాసం కింద ఒక తెల్లకాగితం అంటించాను, పెన్ను దారానికి కట్టి ఉంది. పేరు రాయొద్దు, మాట, ఊరు రాస్తే చాలు. కాగితం నిండాక మేడమ్‌తో కలిసి అన్నీ అక్షర క్రమంలో పెట్టి, మన ఆశాతాయిలకు, దగ్గర్లోని ఆరోగ్య కేంద్రం నర్సులకు ఇద్దామనుకుంటున్నాం. రేపు ఎవరైనా మా మేనత్త లాంటి మనిషి ముందు కూర్చుంటే, ఏ మాటతో అడగాలో వాళ్లకు తెలిసి ఉంటుంది.