మనస్తత్వశాస్త్ర పట్టమునకు వలసిన అర్హతలు

మనస్తత్వశాస్త్రమును ప్రధాన విషయముగా గైకొని బి.ఏ. చదువగోరువారు మన కుటుంబములలోను ఉన్నారు. ఎదుటివారి మనసు కనిపెట్టు విద్య యని కొందఱును, మాటలతో చిత్తవ్యాధులను మాన్పు విద్య యని కొందఱును దీనిని తలంతురు. రెండును సరికావు. పట్టపు తరగతులలో ముఖ్యముగా నేర్పునది కొలత.

జర్మనీలోని లైప్‌జిగ్ నగరమున విల్‌హెల్మ్ వుంట్ 1879లో ప్రయోగశాల నెలకొల్పిన నాటినుండి ఇది ప్రయోగశాస్త్రముగా పెరిగినది. మన దేశమున కలకత్తా ముందు దారి తీయగా, మైసూరు విశ్వవిద్యాలయమున 1924లో ఈ శాఖ ఏర్పడినది. దానిని నడపిన ఆచార్య ఎం. వి. గోపాలస్వామిగారే 1935లో మైసూరున ‘ఆకాశవాణి’ రేడియో కేంద్రమును స్థాపించిరి.

ఇంటర్మీడియెట్‌లో ఈ విషయము చదివి యుండవలెనను నిర్బంధము సాధారణముగా లేదు. పట్టములో శైశవము మొదలు వార్ధక్యము వరకు వికాసము, సాంఘిక ప్రవర్తన, మానసిక వైకల్యములు పాఠ్యాంశములు. ప్రయోగశాలలో స్మృతిని, అవధానమును పరీక్షింతురు. అవధానమనగా మనకు శతావధానులు స్మరణకు వత్తురు గాని, ఇచట గడియారమే పృచ్ఛకుడు! సగటు, విచలనము, సహసంబంధము మొదలగు గణాంకములు తప్పవు. లెక్కలకు వెఱచి ఇటు వచ్చినవారు ఇచటనే చిక్కుపడుదురు.

బోధనవృత్తి కోరువారు మఱియొకటి గమనింపవలెను. బి.ఎడ్.లో విద్యామనస్తత్వము అందఱికిని పాఠ్యమే. కాని ఉన్నత పాఠశాలలలో మనస్తత్వము ప్రత్యేక బోధనాంశము కాదు. కావున పట్టములోని ఇతర విషయము, చరిత్రయో ఇంగ్లీషో, బడిలో బోధించునదై యుండుట మేలు. కళాశాలలో బోధించుటకు 2018 నాటి యు.జి.సి. నిబంధనల ననుసరించి ఎం.ఏ.లో నూటికి 55 మార్కులును, నెట్ వంటి అర్హతా పరీక్షయు సాధారణముగా వలయును. చికిత్సావృత్తికి బి.ఏ. ఏమాత్రమును చాలదు. క్లినికల్ సైకాలజిస్టు 1992 నాటి పునరావాస మండలి చట్టము క్రింద నమోదు కావలెను.

మన సమాజములకు ఈ శాస్త్రముతో నేరుగా పని యున్నది. బినే బుద్ధిపరీక్షను వి. వి. కామత్‌గారు కన్నడ, మరాఠీ బాలురకు అనువుగా సవరించి 1934లో వెలువరించిరి. కోలారులోనో షోలాపురములోనో ఇంట తెలుగు పలుకు బాలుని బడిభాషలో మాత్రమే పరీక్షించిరనుకొందము. పదజాలపు ప్రశ్నలలో అతడు వెనుకబడిన, కొఱత బుద్ధిదో భాషదో తేలదు. రెండు భాషలెఱిగిన పరీక్షకుడు దానిని శంకింపగలడు. కాని ప్రశ్నలను అప్పటికప్పుడు తెలిగించినచో ప్రమాణము చెడును. తెలిగించిన పరీక్షను ద్విభాషా బాలురు అనేకులపై ప్రయోగించి, వయస్సువారీగా సగటులను క్రొత్తగా నిర్ణయింపవలెను.